టగ్గు, బార్జి పనికి మంచి యజమానిని వెతుక్కోవడం ఎలా

టగ్గు అంటే పెద్ద ఓడల్ని, సరుకు బార్జిల్ని లాగే, తోసే చిన్న పడవ. బార్జి అంటే అడుగు చదునుగా ఉండే సరుకు పడవ, చాలావాటికి సొంత ఇంజిన్ ఉండదు. నా మొదటి టగ్గు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆఫీసులో నేను అడిగినవి రెండే ప్రశ్నలు. జీతం ఎంత, ఎప్పుడు చేరాలి. టగ్గు ఎలా ఉందో అడగాలని తోచలేదు. చేరిన మూడో రోజు, ఓడని లాగే లావు తాడుని, అంటే మోకును, అత్యవసరంగా వదిలేసే లివర్ దగ్గర తుప్పు గీకుతున్నాను. దాని మీద పొరలు పొరలుగా పెయింటు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. మేట్‌కి, అంటే కెప్టెన్ కింద అధికారికి, చూపిస్తే "ఇన్నేళ్లలో దాని అవసరం పడలేదులే" అన్నాడు.

ఆ లివర్ ఎందుకుంటుందో తెలిసినవాళ్లకి ఆ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. మనం లాగుతున్న ఓడ ఒక్కసారిగా వేగం అందుకుని పక్కకి తిరిగితే మోకు టగ్గుకి అడ్డంగా బిగుసుకుంటుంది. అప్పుడు టగ్గుని లాగేది ఓడే. టగ్గు పక్కకి ఒరిగి, తేరుకునే లోపే బోల్తా పడుతుంది. దీన్నే గర్టింగ్ అంటారు. టగ్గుల మీద ప్రాణాలు పోయే ప్రమాదాల్లో ఇదొకటి. ఆ క్షణంలో మోకు వదిలితే బతుకుతాం, లేకపోతే లేదు.

ఆ కంపెనీ ఆఫీసు మాత్రం అద్దాల తలుపులతో చక్కగా ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి జీతం కూడా ఆలస్యం కావడం మొదలైంది. లివర్‌ని పట్టించుకోని యజమాని జీతాన్ని కూడా పట్టించుకోడని నాకు అప్పుడే తెలిసొచ్చింది. అందుకే ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి, ఉన్న చోటు నుంచి మారదామనుకుంటున్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. యజమాని ఎలాంటివాడో ఆఫీసులో కూర్చుంటే తెలియదు, టగ్గు ఎక్కితే తెలుస్తుంది. సంతకం పెట్టే లోపు ఆ టగ్గు దగ్గరికి చేరే దారి వెతుక్కోండి.

పెద్ద ఓడల వాళ్లకి లేని ఇబ్బంది మనకి ఒకటుంది. ఓడ ఉద్యోగుల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో సముద్ర కార్మిక ఒప్పందం చేసింది. అందరూ ఎమ్మెల్సీ అంటారు. 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. జీతం, విశ్రాంతి, తిండి, ఇంటికి పంపే ఖర్చు, అన్నీ అందులో ఉన్నాయి. కానీ దాని సర్టిఫికెట్ తప్పనిసరి అయింది 500 గ్రాస్ టన్నులు (ఓడ లోపలి మొత్తం పరిమాణానికి కొలత), అంతకు మించి ఉండి అంతర్జాతీయ ప్రయాణాలు చేసే, లేదా వేరే దేశపు రేవుల్లో పనిచేసే ఓడలకే. చాలా టగ్గులు ఆ గీత కిందే ఉంటాయి. నదుల్లో, రేవు లోపల మాత్రమే తిరిగే పడవలకైతే ఆ ఒప్పందం అసలు వర్తించదు. కంపెనీ భద్రతా పద్ధతుల్ని కట్టడి చేసే ఐఎస్ఎం కోడ్ కూడా సరుకు ఓడల విషయంలో 500 టన్నుల దగ్గరే మొదలవుతుంది. పెద్ద ఓడ మీద ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసే విషయాలు చాలావరకు టగ్గు మీద మీ కళ్లతో మీరే చూసుకోవాలి.

ఏ రకం పనో ముందు తేల్చుకోండి

టగ్గు పని అని ఒకే మాట అంటాం గానీ అందులో వేరువేరు బతుకులున్నాయి. రేవు టగ్గు పెద్ద ఓడల్ని జెట్టీకి చేరుస్తుంది, మళ్లీ బయటికి దాటిస్తుంది. పోటు రాత్రి రెండింటికి వస్తే మీరు లేవాల్సిందీ రెండింటికే. కానీ కొన్ని చోట్ల షిఫ్టు అయ్యాక ఇంటికి వెళ్లొచ్చు. సముద్రం మీద దూరాలకు బార్జిని లాగే టగ్గు మీద రోజుల తరబడి ఒడ్డు కనిపించదు. వెనక వందల మీటర్ల మోకు చివర బార్జి ఉంటుంది. వాతావరణం మారితే దాన్ని వదిలి పారిపోలేం, దానితోనే ఈదాలి. నదుల్లో తోసే టగ్గు అయితే బార్జిల్ని వైర్లతో ఒకదానికొకటి బిగించి, ముందు పెట్టుకుని తోస్తుంది. డెక్‌హ్యాండ్, అంటే డెక్ మీద పనిచేసే మనిషి, ఆ బార్జిల అంచుల మీద, వాటి మధ్య సందుల మీదుగా నడుస్తూనే ఉండాలి. ఇక సముద్రంలో కట్టడాలు, చమురు ప్లాట్‌ఫారాల దగ్గర లంగర్లు ఎత్తే పని వేరే. జీతం ఎక్కువ, డెక్ మీద బరువైన గొలుసులూ ఎక్కువే.

ఇంటికి తరచూ వెళ్లాలా, డబ్బు త్వరగా కూడబెట్టాలా, లైసెన్సు పరీక్షలు రాసి పైకి వెళ్లాలా? ఇది మీకు తేలితేనే మంచి యజమాని అంటే మీకు ఎవరో తెలుస్తుంది.

పైకి వెళ్లాలనుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. టగ్గు మీద గడిపిన రోజులన్నీ అన్ని లైసెన్సులకీ పనికిరావు. డెక్ వాళ్లకి 500 టన్నుల గీత ముఖ్యం. ఇంజిన్ వాళ్లకి 750 కిలోవాట్లు, 3,000 కిలోవాట్ల గీతలు ముఖ్యం. చిన్న టగ్గు అయినా ఇంజిన్ శక్తి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇంజినీర్లకి ఇక్కడ మంచి అవకాశం. చేరబోయే టగ్గు టన్నేజి ఎంత, కిలోవాట్లు ఎంత అని ముందే అడిగి రాసుకుని, మీ లైసెన్సు ఇచ్చే కార్యాలయంలో ఆ సమయం లెక్కలోకి వస్తుందా అని కనుక్కోండి. రెండేళ్లు పనిచేశాక పరీక్షకి వెళ్తే "ఈ రోజులు చెల్లవు" అన్నారని కళ్లనీళ్లు పెట్టుకున్న కుర్రాళ్లని చూశాను.

కాగితాలు సిద్ధం చేసుకోండి

ఇది త్వరగా తేలే పని. పాస్‌పోర్టు, ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం, మెడికల్ సర్టిఫికెట్, ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ ఉద్యోగుల శిక్షణకి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ప్రాథమిక భద్రతా శిక్షణ సర్టిఫికెట్లు ఉండాలి. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, ఈ నాలుగూ ఆ శిక్షణలో వస్తాయి. మెడికల్ సర్టిఫికెట్ గడువు ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి ఒక్క ఏడాదే. నది టగ్గులకి ఇవన్నీ అడగకపోవచ్చు. అయినా ప్రతిదానికీ ఫోన్‌లో ఫొటో, ఇంట్లో ఒక నకలు ఉంచుకోండి.

మనుషుల్ని అడగండి

ప్రకటనలు చూడొద్దని అనను. కానీ ఈ రంగం చిన్నది, టగ్గుల వాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు. జెట్టీ దగ్గర ఒక సాయంత్రం గడిపితే తెలిసేది వారం రోజులు ఫోన్లు చేసినా తెలియదు. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లు కంపెనీ గురించి కొంచెం దాచిపెట్టే మాట్లాడతారు, అది సహజం. ఈ మధ్యే మానేసినవాళ్లని వెతికి పట్టుకోండి.

"కంపెనీ ఎలాంటిది" అని అడిగితే "పర్వాలేదు" అంటారు, దానితో మీకు ఒరిగేదేమీ ఉండదు. జవాబు తప్పించుకోలేని ప్రశ్నలు అడగాలి. కిందటి మూడు నెలలూ జీతం ఏ తారీఖున పడింది? మీ రిలీవర్, అంటే మీ బదులు వచ్చే మనిషి, చెప్పిన రోజుకే వచ్చాడా, ఎన్నిరోజులు ఆలస్యమయ్యాడు? మీ టగ్గు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టారు? ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు మిగతా అన్నిటికంటే విలువైనది. మామూలు రోజుల్లో అందరూ మంచి యజమానులే.

ఒక విషయం గమనించండి. ఒకే టగ్గు మీద అదే మాస్టర్ (కెప్టెన్), అదే ఇంజినీర్ ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వస్తుంటే ఆ కంపెనీ మనిషిని నిలబెట్టుకుంటోందని అర్థం. ప్రతి ట్రిప్పుకీ కొత్త ముఖాలే ఉంటే, ఖాళీలు ఎప్పుడూ ఉంటే, పాతవాళ్లు ఎందుకు ఆగట్లేదో తెలుసుకునేదాకా చేరొద్దు.

ఓ గంట నెట్‌లో కూర్చోండి

టగ్గు పేరు, ఐఎంఓ నంబరు అడిగి తీసుకోండి. ఐఎంఓ నంబరు అంటే అంతర్జాతీయ సముద్ర సంస్థ (ఐఎంఓ) పద్ధతిలో ఓడకిచ్చే గుర్తింపు, ఏడు అంకెలు. ఓడ పేరు మారినా, జెండా (నమోదైన దేశం) మారినా, యజమాని మారినా ఈ నంబరు మారదు. అందుకే పేరు కంటే ఇదే ముఖ్యం. ఇంజిన్ లేని బార్జిలకు, బాగా చిన్న పడవలకు సాధారణంగా ఇది ఉండదు.

నంబరు సరైనదో కాదో మీరే లెక్కేసి చూడొచ్చు. మొదటి ఆరు అంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కలపండి. వచ్చిన మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి. ఉదాహరణకి 9074729. 63, 0, 35, 16, 21, 4 కలిపితే 139. చివర 9, నంబరు చివరా 9. దొంగ ఉద్యోగాలు అంటగట్టేవాళ్లు నోటికొచ్చిన ఏడంకెలు రాసిస్తారు, చాలావరకు అవి ఈ లెక్క దగ్గరే దొరికిపోతాయి.

నంబరు దొరికాక ఈక్వాసిస్ అనే సైటులో చూడండి. 2000 నుంచి నడుస్తోంది, పేరు నమోదు చేసుకుంటే ఉచితం. టగ్గు ఎప్పుడు కట్టింది, యజమాని ఎవరు, ఏ జెండా, ఓడ కట్టుబడిని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే క్లాస్ సొసైటీ ఏది, రేవుల్లో తనిఖీలు జరిగితే ఏం దొరికింది, ఎప్పుడైనా ఆపేశారా, ఇవన్నీ ఉంటాయి. రేవు తనిఖీల కోసం దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందాలు పారిస్ ఎంఓయూ, టోక్యో ఎంఓయూ. ఆ తనిఖీల వివరాలు వాటి సైట్లలో కూడా దొరుకుతాయి. ఒక చిన్న లోపం దొరికిందని భయపడక్కర్లేదు, చాలా తనిఖీల్లో ఏదో ఒకటి రాస్తారు. అదే లోపం మళ్లీ మళ్లీ వస్తోందా అన్నదే చూడాలి. ఏడాదికో జెండా, ఏడాదికో యజమాని పేరు మారుతుంటే మాత్రం నేనైతే అక్కడితో వదిలేస్తాను.

ఇంకొకటి. యజమానులు జీతాలివ్వకుండా, ఇంటికి పంపకుండా వదిలేసిన సిబ్బంది కేసుల్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐఎంఓ కలిసి ఒక జాబితాలో పెడతాయి. ఎవరైనా చూడొచ్చు. మీ కంపెనీ పేరు, టగ్గు పేరు, నంబరు మూడూ అందులో వెతకండి.

ఏజెంటు డబ్బు అడిగితే

ఇక్కడ మొహమాటం వద్దు. ఉద్యోగం ఇప్పించినందుకు ఓడ ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని ఎమ్మెల్సీ చెబుతోంది. మీరు భరించాల్సింది మెడికల్ సర్టిఫికెట్, గుర్తింపు పుస్తకం, పాస్‌పోర్టు లాంటి సొంత కాగితాల ఖర్చే. వీసా ఖర్చు కూడా యజమానిదే. "ప్రాసెసింగ్", "సీటు రిజర్వేషన్", "డిపాజిట్", పేరు ఏదైనా సరే, డబ్బు అడిగిన చోట ఆగిపోండి. అప్పు చేసి కట్టి చేరినవాడు, టగ్గు ఎంత చెడ్డగా ఉన్నా దిగలేడు. ఆ అప్పే వాడికి సంకెల అవుతుంది. అడిగేవాడికీ ఆ సంగతి తెలుసు.

ఆఫర్ లెటర్ వస్తే అందులో ఉన్న ఫోన్ నంబరుకి చేయకండి. కంపెనీ నంబరు మీరే విడిగా వెతికి, అక్కడికి ఫోన్ చేసి, ఈ పేరుతో ఏజెంటు మీ తరఫున ఉన్నాడా, ఈ టగ్గు మీద ఈ ఖాళీ ఉందా అని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఉంచమంటే ఒప్పుకోవద్దు. చూసి, నకళ్లు తీసుకుని తిరిగివ్వాలి.

టగ్గు ఎక్కి చూడండి

"చేరేముందు ఒకసారి టగ్గు చూడొచ్చా?" ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుతోనే సగం తెలిసిపోతుంది. మంచి కంపెనీ "రేపు ఫలానా జెట్టీలో ఉంటుంది, మాస్టర్‌కి చెబుతాం, హెల్మెట్, లైఫ్‌జాకెట్ వేసుకుని వెళ్లండి" అంటుంది. దూరం వల్ల కుదరకపోతే ఆ టగ్గు మాస్టర్‌తో ఫోన్లో మాట్లాడిస్తారు. రెండూ కుదరవంటే కారణం గట్టిగా అడగండి.

ఎక్కగానే గ్యాంగ్‌వే, అంటే జెట్టీ నుంచి టగ్గు ఎక్కే నడకదారి, చూడండి. టగ్గుకీ జెట్టీకీ మధ్య ఒక చెక్క పలక వేసి, దూకి రమ్మంటే, రోజూ మీరూ అలాగే దూకాల్సి ఉంటుంది. ఎక్కినవాళ్ల పేరు ఎవరైనా రాసుకున్నారా, లైఫ్‌జాకెట్ లేకుండా డెక్ మీద తిరిగేవాళ్లని ఎవరైనా ఆపారా చూడండి.

తర్వాత మోకు దగ్గరికి వెళ్లండి. మన ప్రాణాలు వేలాడేది దాని మీదే. సింథటిక్ మోకు అయితే చేత్తో తడిమి చూడండి. పైన కొంత నూగు లేవడం మామూలే. ఒకే చోట పోగులు తెగి గుత్తిగా వేలాడుతున్నా, వేడికి కరిగి గాజులా గట్టిపడి మెరుస్తున్నా అది మార్చాల్సిన మోకు. వైరు అయితే గ్రీజు ఉందా, తెగిన తీగలు ముళ్లలా పైకి లేచాయా చూడండి, చేతికి తొడుగు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు. మోకుకి సర్టిఫికెట్, ఎన్ని గంటలు వాడారన్న లెక్క ఉందా అని మేట్‌ని అడగండి. లెక్క రాసే చోట మేట్ పుస్తకం తీసి చూపిస్తాడు, గర్వంగా కూడా చూపిస్తాడు. మోకు తెగితే వెనక్కి కొట్టే దారిలో నిలబడొద్దని డెక్ మీద గుర్తులున్నాయా, లేక అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారా?

మోకు చుట్టే విన్చ్ నుంచి, మోకు తగిలించే హుక్ నుంచి దాన్ని అత్యవసరంగా వదిలేసే ఏర్పాటుని కిందటిసారి ఎప్పుడు పరీక్షించారని అడగండి. తారీఖు చెప్పాలి. "పనిచేస్తుంది" అన్నది తారీఖు కాదు. వీల్‌హౌస్ (టగ్గు నడిపే గది) నుంచీ, డెక్ మీద నుంచీ రెండు చోట్లా వదిలే వీలుందా కూడా చూడండి.

డెక్ మీదికి తెరుచుకునే ఉక్కు తలుపుల్ని చూడండి. లాగే పని జరుగుతున్నప్పుడు అవి మూసి ఉండాలి. టగ్గు ఒరిగినా తలుపులు మూసి ఉంటే నీళ్లు లోపలికి రావు, లేచి నిలబడే అవకాశం ఉంటుంది. తలుపుకి తాడు కట్టి ఎప్పుడూ తెరిచే ఉంచిన గుర్తు, అంచు రబ్బరు మీద పెయింటు, చిలుము పట్టిన గడియలు కనిపిస్తే, ఆ తలుపు అవసరమైనప్పుడు మూసుకోదు. ఇంజిన్ గదిలో వేడి అని తలుపు తెరిచి పెట్టుకుంటారు, ఆ ఇబ్బంది నాకూ తెలుసు. మంచి కంపెనీ అయితే గాలి వెళ్లే ఫ్యాన్లు బాగుచేయిస్తుంది.

ఇంజిన్ గదిలోకి దిగితే కింద బిల్జ్‌లో, అంటే అడుగున నీళ్లు చేరే చోట, ఎంత నూనె ఉందో, పైపులకి గుడ్డలు చుట్టి ఉన్నాయేమో చూడండి. పాత టగ్గు అయినా శుభ్రంగా ఉంటే నాకు నమ్మకం కుదురుతుంది. కొత్త టగ్గు మురికిగా ఉంటే కుదరదు.

బార్జి మీద పని ఉంటే దాని లోపలి ఖాళీ ట్యాంకుల్లోకి ఎవరు, ఎలా దిగుతారో తప్పకుండా అడగండి. చాలాకాలం మూసి ఉన్న ఉక్కు గదిలో తుప్పు పట్టడానికే ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. బయట గాలిలో అది సుమారు 21 శాతం ఉంటుంది. లోపల ఎంతుందో కంటికి కనిపించదు, ముక్కుకి తెలియదు. దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. ఇలా ఒకరి వెనక ఒకరు పోయిన సంఘటనలు ఈ రంగంలో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. గాలి కొలిచే మీటరు ఎక్కడుందో చూపించమనండి, ఆన్ చేయమనండి. ఛార్జింగ్ లేదంటే మీకు జవాబు దొరికినట్టే. 500 టన్నులు దాటిన సరుకు ఓడల మీద ఈ మూసిన గదుల డ్రిల్లు రెండు నెలలకోసారి చేయాలని 2015 జనవరి నుంచి నియమం ఉంది. టగ్గు ఆ గీత కిందున్నా తనంతట తానుగా చేసే కంపెనీ దొరికితే వదులుకోకండి.

చివరగా మెస్ గదిలో కూర్చోండి. గోడకి విశ్రాంతి గంటల పట్టిక ఉంటుంది. ఎస్‌టీసీడబ్ల్యూ, ఎమ్మెల్సీ ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ వారంలోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకి మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. నేనొకసారి నెల మధ్యలో ఒక టగ్గు ఎక్కితే ఆ పట్టిక నెలాఖరు దాకా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపేసి ఉంది. ఇంకా రాని రోజుల్లో ఎంతసేపు పడుకుంటారో ముందే రాసేశారు. నేను ఆ ఉద్యోగానికి వెళ్లలేదు.

పడుకునే చోటు, పరుపు, బాత్రూం, వంటగది కూడా చూడండి. వంటమనిషి ఉంటే కాసేపు మాట్లాడండి. సరుకులు అయిపోయాయని చెబితే ఎన్ని రోజుల్లో పంపుతారని అడగండి. కంపెనీ చేతిలో డబ్బు ఆడుతోందో లేదో అందరికంటే ముందు తెలిసేది అతనికే.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి

వాళ్లు మిమ్మల్ని అడిగినట్టే మీరూ వాళ్లని అడగొచ్చు. ఎన్ని వారాలు పని, ఎన్ని వారాలు సెలవు, సెలవులో జీతం ఉందా? వాచ్ (డ్యూటీ వంతు) ఎలా పంచారు? చాలా టగ్గుల మీద ఆరు గంటలు పని, ఆరు గంటలు విశ్రాంతి. కాగితం మీద 12 గంటల విశ్రాంతే. కానీ స్నానం, భోజనం, మోకు కట్టడానికి పిలుపు, అన్నీ పోను ఒక్కో ఆరు గంటల్లో నిద్రపోయేది నాలుగైదు గంటలు దాటదు. కాబట్టి టగ్గు మీద మొత్తం ఎంతమంది ఉంటారు, వాచ్ లేనివాళ్లని ఎంత తరచుగా లేపుతారు అని అడగండి. చట్టం ప్రకారం ఉండాల్సిన కనీస సిబ్బంది కంటే ఒకరిద్దరు ఎక్కువ పెట్టే యజమానికి మనిషి నిద్ర విలువ తెలుసు.

మరో ప్రశ్న నేను ఎప్పుడూ వదలను. "వాతావరణం బాగోలేదని మాస్టర్ బయల్దేరనంటే ఆఫీసు ఏమంటుంది?" అడిగాక మాట్లాడకుండా వినండి. "ఆయన నిర్ణయమే" అని వెంటనే చెప్పి, ఫలానాసారి అలా ఆపేశామని ఒక సంగతి చెప్పగలిగితే మంచిదే. "మా మాస్టర్లు అలా అనరు" అంటే, అననివ్వరని అర్థం. అలాగే, పని ప్రమాదంగా ఉందనిపిస్తే డెక్‌హ్యాండ్ ఆపమనొచ్చా అని అడగండి.

కొత్తవాళ్లకి శిక్షణ ఎలా ఇస్తారో చెప్పమనండి. మొదటి కొన్ని రోజులు పాతవాళ్ల పక్కన ఉంచి నేర్పిస్తారా, లేక చేరిన రాత్రే మోకు దగ్గర నిలబెడతారా? కొత్తగా చేరేవాళ్లు సిగ్గుపడకుండా అడగాల్సింది ఇదే.

కాంట్రాక్టు చదవండి

సంతకం పెట్టేముందు ఇంటికి తీసుకెళ్లి చదివే సమయం అడగండి. ఎమ్మెల్సీ ప్రకారం అది మీ హక్కు, తెలిసినవాళ్లని అడిగి చూసుకునే హక్కు కూడా ఉంది. సంతకాలతో ఒక ఒరిజినల్ మీ దగ్గర ఉండాలి. యజమాని పేరు, చిరునామా కచ్చితంగా ఉన్నాయా చూడండి. ఏజెంటు పేరు మాత్రమే ఉండి యజమాని పేరు లేకపోతే రేపు మీరు ఎవరిని అడుగుతారు? జీతం నెలకి మించి ఆగకూడదు, ప్రతి నెలా లెక్క కాగితం రావాలి. సెలవు నెలకి కనీసం రెండున్నర రోజుల చొప్పున లెక్కకట్టాలి. టగ్గు మీద తిండికి, తాగే నీళ్లకి డబ్బు కోయకూడదు. మానేయడానికి ఇచ్చే నోటీసు కనీసం 7 రోజులు. ఇంటికి పంపే ఖర్చు యజమానిది, దానికోసం ముందుగా మీ దగ్గర డబ్బు పట్టుకోవడం తప్పు.

2017 జనవరి నుంచి ఇంకో రక్షణ వచ్చింది. యజమాని చేతులెత్తేసి సిబ్బందిని వదిలేస్తే నాలుగు నెలల దాకా బకాయి జీతం, తిండి, ఇంటికి చేరే ఖర్చు ఇచ్చేలా బీమా లాంటి ఆర్థిక హామీ ఉండాలి. ఆ పత్రం ఓడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. రెండు నెలలు వరసగా జీతం ఇవ్వకపోయినా వదిలేసినట్టే లెక్క. మీ టగ్గు ఎమ్మెల్సీ పరిధిలో లేకపోతే ఈ మాటలన్నీ కాంట్రాక్టులోనే రాయమని అడగండి. అన్నీ ఒప్పుకోకపోవచ్చు. దెబ్బ తగిలితే వైద్యం, జీతం తారీఖు, ఇంటికి చేరే ఖర్చు, ఈ మూడూ రాయడానికి ఒప్పుకోని చోట నేను చేరను.

చేరాక

మొదటి నెల కూడా వెతుకులాటలో భాగమే. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ రెండు వరసలు రాయండి. ఎక్కడున్నాం, ఎన్ని గంటలు పనిచేశాం, ఎన్ని గంటలు పడుకున్నాం, ఏ డ్రిల్లు జరిగింది. విశ్రాంతి గంటల రికార్డులో మీ పేజీ నకలు అడిగి తీసుకోండి, అది మీకు ఇవ్వాల్సినదే. పట్టికలో ఒకటి, మీ పుస్తకంలో ఇంకొకటి ఉంటే మాస్టర్‌కి మర్యాదగా చూపించండి. ఆయన సరిదిద్దుతాడా, కసురుతాడా? అక్కడితో మీకు ఇంకో జవాబు దొరుకుతుంది.

ఫిర్యాదు చెయ్యాల్సివస్తే ముందు టగ్గు మీదే, ఆ తర్వాత కంపెనీలో, అప్పటికీ కాకపోతే ఏ జెండా కింద ఉన్నారో ఆ దేశపు అధికారుల దగ్గర, లేదా రేవు అధికారుల దగ్గర. 1896 నుంచి ఉన్న ఐటీఎఫ్ అనే రవాణా కార్మికుల సమాఖ్యకి చాలా దేశాల రేవుల్లో ఇన్‌స్పెక్టర్లున్నారు. అవసరం పడకముందే వాళ్ల నంబరు ఫోన్‌లో ఉంచుకోండి. జీతం ఒక్క నెల ఆగితే వెంటనే రాతపూర్వకంగా అడగండి, మెసేజ్ అయినా సరే. "వచ్చే నెల కలిపి ఇస్తాం" అనే మాట మీద మూడు నెలలు నడిపినవాళ్లని ఎంతమందినో చూశాను.

మంచి యజమాని దొరికాడని తేలినా సరే, దిగే రోజున సీ సర్వీస్ లెటర్, అంటే టగ్గు మీద పనిచేసిన కాలానికి ధ్రువపత్రం, తీసుకోకుండా కదలొద్దు. అందులో టగ్గు పేరు, ఐఎంఓ నంబరు, టన్నేజి, ఇంజిన్ కిలోవాట్లు, మీ హోదా, చేరిన తారీఖు, దిగిన తారీఖు, సంతకం, ముద్ర ఉండాలి. మీ నోట్‌బుక్ తీసి తారీఖులు పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. తేడా ఉంటే గ్యాంగ్‌వే దిగకముందే దిద్దించుకోండి.